ఎనుబదియొక్క యేండ్ల కంఠము

2025వ సంవత్సరము మార్చి నెలాఖరున లండను నగరమందలి రాయల్ ఆల్బర్ట్ హాలులో 'ది హూ' అను రాక్ సంగీత బృందము కచేరి చేసెను. 1964లో ఆ పేరు పెట్టుకొన్న ఈ బృందమునకు మొదటినుండియు గాయకుడు రోజర్ డాల్ట్రీ. అతడు 1944 మార్చి 1వ తేదీన జన్మించెను. అనగా వేదిక నెక్కునాటికి అతనికి 81 ఏండ్లు నిండినవి. ఆనాడు శ్రోతలకు అతడొక సంగతి చెప్పెను. ముసలితనమున చెవులు పోయినవి, చూపును తగ్గిపోవుచున్నది; అదృష్టవశాత్తు కంఠము మాత్రము మిగిలియున్నదని దాని భావము.

ఇది వినుటకు వింతగా నున్నది. అరువది యేండ్లు శ్రమపడినది కంఠము, చెవులు ఊరక విన్నవి. శ్రమపడినది నిలిచి, విన్నది చెడుటయేమి?

ముందుగా కంఠము సంగతి చూతము. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు కలవు. తంత్రులని పేరే గాని యివి వీణతీగెల వంటివి కావు. కండరముపై మెత్తని పొర కప్పిన రెండు మడతలు. పురుషులలో వీని పొడవు సుమారు 2 సెంటీమీటర్లు. ఊపిరితిత్తులనుండి వచ్చు గాలి వీని నడుమ దూరినపుడు ఇవి విడిపోవుచు, మరల కలిసికొనుచు కంపించును. మామూలు మాటలో పురుషుని తంత్రులు సెకండునకు నూరు, నూటయిరువది మారులు కంపించును. హెచ్చుస్థాయిలో పాడునపుడు ఇది నాలుగు వందలు దాటవచ్చును. సగటున 250 అనుకొన్నను, ఒక గంటసేపు పాడినచో ఆ మడతలు తొమ్మిది లక్షల మారులు ఒకదానికొకటి తాకును!

వయస్సు మీరినకొలది తంత్రులలోని కండరము సన్నబడును, పొరకు సాగు గుణము తగ్గును. మడతలు పూర్తిగా కలిసికొనవు; ఆ సందున గాలి జారిపోవుటచే గొంతు బలహీనమై జీరపోవును. ఊపిరియు మునుపటివలె ఎక్కువసేపు నిలువదు. అందుచే అనుభవముగల గాయకులు పొడుగు చరణమును రెండుగా విరిచి పాడుదురు, శ్రుతి తగ్గించుకొందురు. మన సంగీత విద్వాంసులు వృద్ధాప్యమున చేయునదియు ఇదియే. అర స్వరము తగ్గించిన, పౌనఃపున్యము ఇంచుమించు నూటికి ఆరు వంతులు తగ్గును. 440 ఉన్నది 415 అగును. శ్రోతలలో చాలమందికి ఆ భేదము తెలియనే తెలియదు, గాయకునకు మాత్రము కొండంత బరువు దిగినట్లుండును.

అంతేకాదు, తంత్రులు సజీవమైన కండర, చర్మములవంటివి. సాధనచే బలపడును, గాయమైనచో మానును. 2009లో డాల్ట్రీ స్వరతంత్రులపై క్యాన్సరునకు ముందుదశయందున్న కణములు కనబడగా, అమెరికాలో శస్త్రచికిత్స చేసి తొలగించిరి. 2010 ఫిబ్రవరిలో అతడు మరల వేలాది ప్రేక్షకుల ముందు పాడెను.

చెవికి ఈ భాగ్యము లేదు. లోపలిచెవిలో నత్తగుల్ల ఆకారమున నుండు కర్ణావర్తమందు సుమారు పదిహేను వేల లోమకణములు కలవు. శబ్దము వచ్చినపుడు వీనిపై నుండు సన్నని రోమములు వంగి, ఆ కదలిక విద్యుత్సంకేతముగా మారి మెదడునకు చేరును. గాలివానకు వరిచేను పడిపోయినట్లు తీవ్రధ్వనికి ఈ రోమములు వాలిపోవును. కచేరి తరువాత ఒక పూట చెవులు గింగురుమనుట అందరెరిగినదే. కొన్ని తిరిగి లేచును. ఆ దెబ్బ పదే పదే తగిలినచో కణమే చచ్చును. పక్షులలో చచ్చిన లోమకణములకు బదులు క్రొత్తవి పుట్టును, మనుష్యులలో పుట్టవు.

1976 మే 31న లండనులోని చార్ల్టన్ ఫుట్‌బాల్ మైదానమున ఇదే బృందము పాడినపుడు, స్పీకర్లకు 32 మీటర్ల దూరమున 126 డెసిబెల్లుల ధ్వని నమోదైనది. అది ప్రపంచ రికార్డుగా గిన్నిస్ గ్రంథమున చేరెను. (చెవులకు హాని కలిగించు పోటీని ప్రోత్సహింపరాదని తరువాత ఆ గ్రంథమువారు ఈ అంశమునే తొలగించిరి.) డెసిబెల్ లెక్క సామాన్యమైన కూడిక కాదు. 10 పెరిగినచో తీవ్రత పదిరెట్లు, 20 పెరిగినచో నూరురెట్లు అగును. కచేరిశాలలలో 15 నిమిషముల సగటు 100 డెసిబెల్లులు మించరాదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. 126 దానికంటె ఇంచుమించు 400 రెట్లు తీవ్రమైనది. ఆరుబయట దూరము రెట్టింపైనచో తీవ్రత నాలుగవ వంతగును, అనగా 6 డెసిబెల్లులు తగ్గును. ఈ లెక్కన 64 మీటర్ల దూరమున నిలిచినవానికిని 120 డెసిబెల్లులు తప్పవు. (పెద్ద స్పీకర్ల బారులకు ఈ సూత్రము సుమారుగానే వర్తించును.) టిక్కెట్టు కొన్న శ్రోతకు ఇది ఒక రాత్రి ముచ్చట. గాయకునకో, వెనుక డ్రమ్ములు, ప్రక్కన గిటారు యంత్రములు, ఊరూర, ఏటేట!

వార్ధక్యము వలనను లోమకణములు నశించుచుండును. కాబట్టి డాల్ట్రీ చెవులకు వయస్సు చేసిన కీడెంత, సంగీతము చేసినదెంత అని విడదీసి చెప్పుట సాధ్యము కాదు. కాని 2018లో లాస్ వేగస్ కచేరిలో తనకు చెముడు చాల ముదిరినదని చెప్పి, చెవిబిరడాలు పెట్టుకొనుడని శ్రోతలను అతడే కోరెను. దూది చాలదు, అది ధ్వనిని కొంచెమే ఆపును. చెవి రంధ్రమున సరిగా బిగిసిన మెత్తని నురుగుబిరడా 20 డెసిబెల్లులకు పైగా తగ్గింపగలదు. సంగీతకారుల కొరకు వేరుగా చేసిన బిరడాలు హెచ్చు తగ్గు స్థాయిలన్నిటిని ఇంచుమించు సమముగా తగ్గించును గనుక, వానిని పెట్టుకొన్నవారికి పాట మారదు, హోరు మాత్రమే తగ్గును.