చిన్న లేతుకు తగిన హోల్డరు

చిన్న లేతు యంత్రానికి కార్బైడ్ ఇన్సర్ట్ హోల్డరు కొనేవారు మూలల లెక్కకే ఆశపడరాదు. సీఎన్ఎంజీ ఇన్సర్ట్‌కు రెండు వైపులా కలిపి నాలుగు కోత మూలలుంటాయి, సీసీఎంటీకి రెండే. అయినా రెండవదే తగినది.

పేరులోని రెండవ అక్షరమే కీలకం. ‘సీ’ అంటే పక్కలకు 7 డిగ్రీల వాలు. ‘ఎన్’ అంటే వాలు లేదు. వాలు లేని ఇన్సర్ట్‌ను ముందుకు వంచి బిగించాలి. దానితో కోత ఒత్తిడి పెరిగి, తేలికపాటి యంత్రం అదురుతుంది. పని నునుపు చెడుతుంది.

ఇన్సర్ట్ మొన పనిముక్క కేంద్రం ఎత్తుకు సరిపోవాలి. మొన తక్కువైతే హోల్డరు కింద రేకులు పెట్టాలి. ఎక్కువైతే కాడ అడుగును మాత్రమే మిల్లింగ్ చేసి తగ్గించాలి; ఇన్సర్ట్ కూర్చునే గూటిని ఎన్నడూ అరగదీయరాదు. గూడు చెడితే హోల్డరు కొన్న సొమ్మంతా వృథా.