అణుజ్వాలను కొలుచు రాగిబిళ్ళ



పల్నాటి యెండను గూర్చి మీకు వేరుగ జెప్పవలసిన పనిలేదు. వేసవి వచ్చినదన్న రెంటచింతల పేరు రాష్ట్రమంతట వినబడును. కళ్ళమున నారబోసిన మిరపకాయలను ఆ యెండయే యెండించుచున్నది. దానిని కొలుచు విధ మెరిగినచో, అణుబాంబు వెదజల్లు వేడిని కొలుచు విధము కూడ తెలియగలదు.

ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు వలయు వేడిని కెలోరీ యందురు. మబ్బులేని మిట్టమధ్యాహ్నమున, సూర్యునికి ఎదురుగా నున్న ఒక చదరపు సెంటిమీటరు చోటుపై నిమిషమునకు ఇంచుమించు 1.4 కెలోరీ పడును. ఫ్రాన్సు దేశీయుడైన పూయే యను శాస్త్రజ్ఞుడు 1838 ప్రాంతమున, నీరు నింపిన చిన్న లోహపు డబ్బీ ముఖమునకు మసిపూసి యెండకు పెట్టి, నీరెంత వేడెక్కెనో చూచి సూర్యతాపమును లెక్కించెను.

అణుబాంబు ప్రేలినప్పుడు పుట్టెడి అగ్నిగోళ మింత వ్యవధి నీయదు. ఏడు నిమిషముల యెండతో వచ్చు 10 కెలోరీలను అది కొంత దూరమునందున్న వానిపై రెండు మూడు సెకండ్లలోనే కుమ్మరింపగలదు. ఆ యెండను మనము సహింతుము. ఈ జ్వాల చర్మమును లోతుగా కాల్చివేయును. ఇంత వేగమును అందుకొనుటకు నీటి డబ్బీ చాలదు. కావున మసిపూసిన పలుచని రాగిబిళ్ళను వాడిరి. దాని వెనుక రెండు వేరువేరు లోహముల తీగెలను కలిపి అతుకుదురు. అతుకు వేడెక్కిన కొలది వానియందు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యంత్రము వ్రాసికొనును. గాలి, దుమ్ము సోకకుండ ముందర స్ఫటికపు పలక నుంతురు. ఒక మిల్లీమీటరు మందముగల బిళ్ళ 10 కెలోరీలను పూర్తిగా గ్రహించినచో సుమారు 120 డిగ్రీలు వేడెక్కును.

ఇక ముఖ్యమైన మాట. ముద్రలేని కుంచముతో ధాన్యము కొలిచిన నెవరు నమ్ముదురు? ఈ బిళ్ళకును అట్టి పరీక్ష వలయును. మసి కొంత వేడిని త్రిప్పికొట్టును. స్ఫటికము కొంత నాపును. బిళ్ళయు వేడెక్కుచునే చల్లారుచుండును. అందుచే ముందుగనే, వేడి యెంతయో తెలిసిన ఆర్కుదీపము నెదుట దానిని నిలిపి, చూపిన లెక్కకును అసలు లెక్కకును గల తేడాను గుర్తింతురు. చల్లారు వేగమును బట్టి పోయిన వేడిని మరల కలుపుదురు. కొలత తక్కువ చూపినచో, ప్రాణములు దక్కని దూరమును సురక్షితమని ప్రకటించు ప్రమాద మున్నది.

1945 ఆగస్టు 6న హిరోషిమాపై బాంబు పడినప్పుడు నేలపై ఇట్టి పరికరము లమర్చియుండలేదు. పొంగి కరిగిన యింటిపెంకులను, గరుకుబారిన రాళ్ళను పరీక్షించి పిదప వేడిని అంచనా వేయవలసివచ్చెను. తరువాత బయలునందు జరిగిన పరీక్షలలో రాగిబిళ్ళలను వరుసగా వేరువేరు దూరములయందు నిలిపిరి. 1963లో పలుదేశములు, మన భారతదేశముతో కూడ, ఆకాశమునందలి పరీక్షలను నిషేధించు ఒడంబడికపై సంతకము చేసినవి. అందు చేరని చైనా 1980లో జరిపినదే అట్టి పరీక్షలలో కడపటిది.

నేడు అదే రాగిబిళ్ళ, మంటలార్పువారు ధరించు దుస్తులు ఎంత వేడిని ఆపగలవో పరీక్షించుటకు ఉపయోగపడుచున్నది. ఏ మనిషి యొడలు ఎంత వేడికి కాలునో తెలిపిన కొలతయే, ఆ మనిషిని కాపాడుటకును ఆధారమగుచున్నది.