అక్షింతల పురుగు – అనుకోని అతిథి

ఫాల్గుణ, చైత్ర మాసములలో శనగ, కుసుమ కోతలు ముగిసి చేలు బోసిపోయిన వేళ, ఉరుకుంద పరిసరాలలో ఒక చిన్న అతిథి మన ఇండ్ల ముంగిటికి వస్తుంది. చిక్కుడు పందిరి మీద, కిటికీ చువ్వల మీద కనిపించే ఈ కీటకమే అక్షింతల పురుగు. కందిబద్దను బోర్లించినట్లున్న శరీరము, నారింజవన్నె రెక్కల మీద నల్లని మచ్చలు దీని గుర్తులు. చూడగానే చాలామంది చీపురుతో ఊడ్చివేస్తారు, లేదా మందు చల్లుతారు. ఇది ఎవరో తెలిసికొన్నవారికి ఆ పని చేయ బుద్ధి పుట్టదని మా విశ్వాసము.

మొదట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. తొలకరి వానలకు నేల మీద ఎర్రని మఖమలు బొట్టువలె ప్రాకే ఆరుద్ర పురుగు వేరు. ఉర్దూ మిత్రులు దానిని బీర్ బహూటీ అంటారు. దానికి ఎనిమిది కాళ్ళు, రెక్కలు లేవు. అక్షింతల పురుగుకు ఆరు కాళ్ళు, గట్టి పైరెక్కలు ఉన్నవి.

దీని ముఖ్యాహారము పేనుబంక. పేనుబంక మొక్క రసమును పీల్చి, జిగురును విసర్జిస్తుంది. ఆ తీపికి ఆశపడి చీమలు దానికి కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు పేనుబంక గుంపుల దగ్గరనే పసుపుపచ్చని గ్రుడ్లను పెడుతుంది. వాటినుండి వచ్చే నల్లని పొడవాటి పిల్లకు తల్లి పోలిక ఏమాత్రము ఉండదు. అందుచేత శత్రువని భ్రమించి దానిని చంపుతాము. కాని ఆ పిల్ల పెరిగేలోగా వందలకొలది పేనులను భక్షిస్తుంది.

అయితే ఈ జాతిలో అందరూ మిత్రులు కారు. ఇరువది యెనిమిది మచ్చలుండి, కాంతి లేక, సన్నని నూగుతో ఉండే రకము వంకాయ ఆకులను గీకి జల్లెడవలె చేస్తుంది.

ఈ కీటకముల సేవ చరిత్రకెక్కినది. కాలిఫోర్నియా నారింజ తోటలు పిండినల్లివంటి పురుగుచే నాశనమగుచుండగా, 1888లో ఆస్ట్రేలియా వెళ్ళిన ఆల్బర్ట్ కోబెల్ అక్కడినుండి ఒక అక్షింతల పురుగును పంపినాడు. రెండేండ్లలోపల తోటలు కోలుకొన్నవి. 1898లో మన దేశమునకును ఆస్ట్రేలియానుండి మరొక రకమును తెచ్చినారు. అది నేటికీ పిండినల్లిని అదుపు చేయుచున్నది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతుకు ప్రత్తియే ప్రాణము. 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి కాయతొలుచు పురుగులను ఎదుర్కొనుటకు ఉద్దేశింపబడినది. రసము పీల్చు పురుగులపై అది పనిచేయదు. వాటికై మందు కొట్టినప్పుడు పేనుబంకతోపాటు దానిని తిను మిత్రుడును చచ్చును. పేనుబంక త్వరగా తిరిగి పెరుగును, మిత్రుడు త్వరగా రాడు. మరల మందు, మరల అప్పు!

కావున విద్యార్థి సోదర సోదరీమణులారా! ఇంటిలోనికి వచ్చిన పురుగును కాగితముపై ఎక్కించి మొక్కపై విడువండి. చేనికి మందు కొట్టుటకు ముందు ఆకుల అడుగుభాగము చూడుమని తల్లిదండ్రులకు చెప్పండి. మిత్రులు తగినంత మంది ఉన్నచోట కొన్నాళ్ళు ఓర్చుకొనుట మేలు. కళాశాలలో నేర్చిన విద్య చేనిగట్టు దాకా వెళ్ళినప్పుడే సార్థకమని మేము భావిస్తున్నాము.