యంత్రాలకు బారసాల

తెలుగువారి ఇళ్ళలో బిడ్డ పుట్టిన పదకొండవ రోజునో ఇరవై ఒకటవ రోజునో బారసాల జరుగుతుంది. పళ్ళెంలో బియ్యం పరచి, తండ్రి బంగారు ఉంగరంతో దాని మీద బిడ్డ పేరు రాస్తాడు. నక్షత్రం చూసి, పెద్దల పేర్లు కలిపి, ఎంతో ఆలోచించి పెట్టిన ఆ పేరు బడి రిజిస్టరులో పదిలంగా ఉంటుంది. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం ఆ బిడ్డ చిన్నాగానో బుజ్జిగానో పెరిగి పెద్దవుతాడు. బియ్యంలో రాసిన పేరు ఒకటి, నోటికి అలవాటైన పేరు మరొకటి. మనుషుల విషయంలోనే కాదు, మనుషులు చేసిన యంత్రాల విషయంలోనూ జరిగేది ఇదే. కొత్త వస్తువు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా పండితులు ఒక పేరు పెడతారు, వ్యాపారులు ఒక పేరు పెడతారు, జనం మరొక పేరు పెడతారు. చివరకు ఏది నిలుస్తుందో తేల్చేది వాడుక.

ఈ నామకరణం నిత్యమూ జరిగే చోట్లలో హైదరాబాదులోని కృష్ణానగర్ ఒకటి. దానికి చేరువలోని అమీర్‌పేటలో 1950ల చివరలో సారథి స్టూడియో వెలసింది. బంజారాహిల్స్‌లో 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. తెలుగు సినిమా మద్రాసు నుంచి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో, వేషాల కోసం, పనుల కోసం వచ్చినవారికి కృష్ణానగర్ ఇరుకు గదులే ఆశ్రయమయ్యాయి. మరొకవైపు అమీర్‌పేట కంప్యూటరు శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి చెందింది. మైత్రీవనం పరిసరాలలో గోడలు సైతం కోర్సుల పేర్లను వల్లెవేస్తున్నట్లు కనిపిస్తాయి. సినిమావారి మాట, కంప్యూటరువారి మాట, పల్లెల నుంచి వచ్చినవారి మాట ఈ వీధులలో ఒకే టీకొట్టు దగ్గర కలుసుకొంటాయి.

తెలుగు పదాలను వ్యాకర్తలు తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు, అన్యదేశ్యాలు అని విభజించారు. ఈ విభాగం ప్రాచీన కావ్యాలు చదవడానికే పనికివస్తుందని విద్యార్థులు భావించడం సహజం. కాని సెల్‌ఫోన్ల దుకాణం ముందు నిలబడి వినేవారికి ఈ విభాగాల జాడ నేడూ తెలుస్తూనే ఉంటుంది.

పండితులు పెట్టిన పేర్లలో ఎక్కువ భాగం సంస్కృత పదాలే. వాటిలో అందమైనది ‘ఆకాశవాణి’. దేవకి అష్టమ గర్భం వల్ల మరణం తప్పదని కంసుణ్ణి హెచ్చరించినది ఆకాశవాణే. మాట్లాడేవారు కనబడకుండా మాట మాత్రమే వినిపించే రేడియోకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన రేడియో కేంద్రంతో ముడిపడిన ఈ పేరును 1950ల రెండవ భాగంలో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ స్వీకరించింది. పురాణాలలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మాటను పిలిచి మళ్ళీ ఉద్యోగం ఇచ్చినట్లయింది. అయితే ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆకాశవాణి అన్నది సంస్థ పేరుగా స్థిరపడింది. పెట్టె మాత్రం రేడియోగానే మిగిలింది. అదేవిధంగా దూరదర్శన్ ఒక ప్రసార సంస్థ అయింది. ఇంట్లోని వస్తువు టీవీ అయింది. ‘దూరవాణి’ శుభలేఖలలోనూ, ‘చరవాణి’ పత్రికలలోనూ కనిపిస్తాయి. “చరవాణి ఎక్కడ పెట్టావమ్మా?” అని తల్లిని అడిగే కొడుకు మాత్రం అరుదు.

అలాగని పండితుల శ్రమ వృథా కాలేదు. గణితంలో విద్యార్థులు చదివిన ‘దత్తాంశం’ అనే మాటను గమనించవచ్చు. ‘డేటా’ అనే ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది. ఇవ్వబడినవి అని దాని అర్థం. దత్తం అంటే కూడా ఇవ్వబడినదనే. లాటిన్, సంస్కృత భాషలు అక్కచెల్లెళ్ళు కనుక రెండు మాటల వేరు కూడా ఒక్కటే. అర్థంలోనూ పుట్టుకలోనూ ఇంత చక్కగా కుదిరిన అనువాదాలు అరుదు. అయినా పాఠ్యపుస్తకంలో దత్తాంశం, రీఛార్జి కొట్టులో డేటా అని రెండూ తమ తమ కాపురాలు చేసుకొంటున్నాయి. ‘దత్తాంశం అయిపోయింది, కాస్త వేయించండి’ అంటే దుకాణదారుడు తప్పక తెల్లబోతాడు.

అన్యదేశ్యాల తీరు వేరు. అవి తెలుగింటికి అతిథులుగా వచ్చి, కొన్నాళ్ళకు ఇంటివారి కట్టూబొట్టూ నేర్చుకొంటాయి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండాలని కోరుకొంటుంది. అందుకే బస్ బస్సయింది, బల్బ్ బల్బయినా చివరకు ఉకారం చేర్చుకొని ‘బల్బు’గా స్థిరపడింది, సెల్ ‘సెల్లు’ అయింది. లాంతరు పరాయి మాట అని ఈనాడు ఎవరికైనా గుర్తుందా? ‘రీలు’ మరొక మెట్టు ఎక్కింది. కాలు–కాళ్ళు, వేలు–వేళ్ళు అయినట్లే, రీలు–రీళ్ళు అయింది. బహువచనంలో లకారం ళకారంగా మారడం తెలుగు వ్యాకరణం చేసే పని. ఆ పని తనకూ జరగనిచ్చిన మాట ఇక పరాయిది కాదు. తెలుగు దానిని దత్తత తీసుకొన్నదన్నమాట.

ఈ రీలు కథే విచిత్రమైనది. సినిమా ఫిల్ము మీద నడిచిన రోజులలో 35 మిల్లీమీటర్ల ఫిల్మును సుమారు 1000 అడుగుల చొప్పున చక్రానికి చుట్టేవారు. అది తెర మీద దాదాపు 11 నిమిషాలు నడిచేది. ‘పదహారు రీళ్ళ సినిమా’ అంటే ఎంతసేపు కూర్చోవాలో ప్రేక్షకుడికి తెలిసిపోయేది. ఫిల్మును అడుగులలో కొలిచేవారు కనుకనే తీసిన దృశ్యాలను ‘ఫుటేజి’ అన్నారు. తరువాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఫిల్ము తయారీలో పేరెన్నికగన్న కొడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరవలసివచ్చింది. చక్రమూ లేదు, చుట్టేదీ లేదు, అడుగులూ లేవు. అయినా ఎడిటింగు గదిలో నేటికీ ఫుటేజి అనే అడుగుతారు. 2020లో ఇన్‌స్టాగ్రామ్ ప్రవేశపెట్టిన చిన్న వీడియోలకు ‘రీల్స్’ అని పేరు. మొదట వాటి నిడివి 15 సెకన్లు మాత్రమే. 11 నిమిషాలు నడిచిన రీలు పేరును 15 సెకన్ల బుడత అందుకొన్నాడు. తాత పేరు మనవడికి పెట్టడం తెలుగువారికి కొత్త కాదు కదా!

వస్తువు పోయి మాట మిగలడం ఒక్క సినిమాకే పరిమితం కాదు. పూర్వం ఫోను మోగితే రిసీవరును ‘ఎత్తేవారు’. మాటలు ముగిశాక దానిని తిరిగి దాని చోట ‘పెట్టేసేవారు’. నేడు ఎత్తేందుకు ఏమీ లేకపోయినా ‘ఫోను ఎత్తడం లేదు’ అనే అంటారు. చేతిలోనే పట్టుకొని ఉండి ‘ఫోను పెట్టేస్తున్నాను’ అంటారు. కంప్యూటరుకు తోకలాంటి తీగతో వేలాడేది కనుక ‘మౌస్’ అని పేరు వచ్చింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో దానిని ప్రజల ముందు ప్రదర్శించాడు. నేడు తీగలేని మౌసులు వచ్చాయి. తోక పోయినా ఎలుక ఎలుకే. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది. ఆ మరుసటి నెలలోనే అదే పేరుతో ఒక సందేశాల యాప్ విడుదలైంది. పాపం, ఆ పేరుకు నిండా రెండు నెలలైనా సెలవు దొరకలేదు.

వ్యాపారులు పెట్టిన పేర్లలో మరింత వింత కనిపిస్తుంది. బ్లూటూత్ అంటే నీలిపన్ను. పదవ శతాబ్దంలో డెన్మార్కును పాలించిన హెరాల్డ్ అనే రాజుకు అది బిరుదు. చెదిరిన ప్రాంతాలను ఆయన ఏకం చేశాడని, వేరు వేరు పరికరాలను కలిపే సాంకేతికతకు 1997లో ఆ పేరు సూచించారు. దాని గుర్తులో ఉన్నవి ఆ రాజు పేరులోని తొలి అక్షరాలే. ఇంత చరిత్ర గల పేరు అమీర్‌పేట కాలిబాట మీద చెవిలో పెట్టుకొనే చిన్న పరికరానికి పేరయింది. ‘బ్లూటూత్ పడిపోయింది’ అని వెదికేవాడికి తాను ఒక రాజును వెదుకుతున్నానని తెలియదు. ‘వైఫై’ సంగతి మరీ విడ్డూరం. అది ఏ మాటకూ సంక్షిప్త రూపం కాదు. 1999లో ఒక నామకరణ సంస్థ ‘హైఫై’కి ప్రాస కుదిరేటట్లు దానిని తయారుచేసింది. ఇక జిరాక్సు ఒక కంపెనీ పేరు; గ్రీకులో ‘పొడి’ అనే అర్థం గల మాట నుంచి వచ్చింది. తెలుగువారు కంపెనీని మరచి, నకలు తీసే పనికే ఆ పేరు పెట్టుకొన్నారు.

జనం పెట్టిన పేర్లలో అసలైన చమత్కారం ఉంది. ‘మిస్డ్ కాల్ ఇవ్వు’ అన్న వాక్యాన్ని తీసుకొందాం. తప్పిపోయినదాన్ని ఇవ్వడం ఎలా? తర్కానికి అందకపోయినా ఆ మాట వెనుక పొదుపు ఉంది. మన దేశంలో 1995లో మొబైల్ సేవలు మొదలైనప్పుడు వచ్చే కాల్‌కు కూడా రుసుము ఉండేది. 2003లో అది తొలగింది. చేసేవారి ఖర్చు మాత్రం మిగిలింది. ఒకసారి మోగించి ఆపితే పైసా ఖర్చు లేకుండా కబురు చేరేది. ‘ఇంటికి చేరాను’, ‘కిందికి రా’, ‘నువ్వే చెయ్యి’ – అన్నిటికీ ఆ ఒక్క మోతే. అనుకోకుండా జరిగేదాన్ని కావాలని చేసే పనిగా మార్చుకొన్నది జనం తెలివి. అలాగే ‘ఛార్జింగ్ అయిపోయింది’ అంటారు. ఇంగ్లీషులో ఛార్జింగ్ అనేది నింపే పని. తెలుగులో అది నిండిన సరుకు. నూనె అయిపోయినట్లు, బియ్యం అయిపోయినట్లు ఛార్జింగూ అయిపోతుంది. పరాయి మాటను తీసుకొన్నా ఆలోచన మాత్రం తెలుగుదే.

ఇంతవరకు ఇదంతా నవ్వుకోదగిన విషయమే. కాని అర్థం తెలియని మాట ఎప్పుడూ నవ్వులతోనే పోదు. ‘డిజిటల్’ అనే పదానికి మూలం లాటిన్‌లో వేలు అనే అర్థం గల మాట. వేళ్ళ మీద లెక్కపెట్టడం వల్ల అంకెలకు ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు వేలిముద్ర వేసేవాడిని చదువురానివాడు అనేవారు. నేడు ఎంత చదివినవాడైనా తన ఫోను తెరవడానికి వేలిముద్రే వేస్తున్నాడు. ఆ డిజిటల్ అనే మాటకు ‘అరెస్టు’ను తగిలించి మోసగాళ్ళు ఒక భయంకర పదం సృష్టించారు. పోలీసు దుస్తులలో వీడియో కాల్‌లో కనిపించి, ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కదలవద్దు’ అని బెదిరించి, చదువుకొన్నవారి చేత సైతం జీవితకాలపు పొదుపును బదిలీ చేయించుకొన్నారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనేలేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పవలసివచ్చింది. ఆకాశవాణికి మళ్ళీ హెచ్చరించే పని పడింది. ఆ మాటనే ‘అంకెల నిర్బంధం’ అని తెలుగు చేసి చూస్తే దాని డొల్లతనం బయటపడుతుంది. అంకెలు మనిషిని ఎలా కట్టివేస్తాయి అన్న ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుట్టిన చోట భయం సగం తగ్గుతుంది.

ఓ.టి.పి. కూడా ఇటువంటి మాటే. మూడు పొడి అక్షరాలు. బ్యాంకులు ‘ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి’ అని పదేపదే హెచ్చరిస్తాయి. అదేమిటో తెలియనివారికి దానిని ఎందుకు దాచుకోవాలో ఎలా తెలుస్తుంది? ఫోనులో డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కరలేదు అన్న చిన్న సంగతి తెలియక నష్టపోయినవారున్నారు. అటువంటి నష్టం జరిగితే వెంటనే 1930 నంబరుకు తెలపాలి. అయితే నష్టం జరగకముందే ఇంట్లో ఆ మాట అర్థమై ఉండడం మేలు.

కనుక యంత్రానికి సంస్కృతంలో పేరు పెట్టాలా, ఇంగ్లీషు పేరే ఉంచాలా అన్న వాదం కంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ పేరు పలికేవారికి దాని అర్థం తెలిసి ఉండాలి. చరవాణి అన్నా సెల్లు అన్నా భాషకు వచ్చే ముప్పు లేదు. విడమరచి చెప్పేవారు లేకపోవడమే ముప్పు. ఆ పని పండితులదో ప్రభుత్వానిదో మాత్రమే కాదు. కళాశాలలో కొత్త మాట నేర్చుకొన్న విద్యార్థి సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చొని, “ఇది తాళంచెవి లాంటిది అమ్మమ్మా, ఒక్కసారికే పనిచేస్తుంది, ఎవరు అడిగినా ఇవ్వకు” అని చెప్పగలిగితే, ఆ రోజు ఓ.టి.పి.కి ఆ ఇంట్లో నిజమైన బారసాల జరిగినట్లే.