జులై రేటు చూసి నాటిన నారు

మా నాయన టమోటా రైతు. మదనపల్లెకి దగ్గర్లోనే మాకు రెండెకరాలు. 2023 జులై గుర్తుందా? మన మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమోటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. టీవీ వాళ్లు వచ్చి క్రేట్ల పక్కన నిలబడి మాట్లాడిన నెల అది. ఆ నెలలో మా పంట చేతికొచ్చింది. నాయన అప్పు తీర్చినాడు, అమ్మకి కమ్మలు చేయించినాడు. ఇంజనీరింగ్‌లో చేరబోతున్న నా చేతిలో ఇరవై వేలు పెట్టి "నీకేం కావాలో తెచ్చుకో" అన్నాడు.

నేను తెచ్చుకున్నది ఒక జత షూస్. నైకీ డంక్ లో, నలుపు తెలుపు. అందరూ 'పాండా' అంటారు. కంపెనీ ధర ఎనిమిది వేల చిల్లర. అంగళ్లలో నా సైజు లేదు. ఇన్‌స్టాలో ఒక రీసెల్లర్ పద్నాలుగు వేలు చెప్పినాడు. "తొడక్కుండా పెట్టు బ్రో, ఏడాదికి ఇరవై అవుతుంది" అన్నాడు. నమ్మినా. పెట్టె కూడా సరిగ్గా తెరవకుండా బీరువాలో పెట్టేసినా.

ఏడాది తర్వాత అమ్ముదామని చూస్తే ఎనిమిది వేలకు కూడా అడిగే దిక్కు లేదు. అదే జత, అదే రంగు, నా సైజుతో సహా ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకి కనిపిస్తోంది. నాయనకి చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు. "యాంరా, నువ్వూ జులై రేటు చూసి నారు నాటినావా?" అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అర్థమైంది రాస్తున్నా. మన హాస్టల్లో ఇప్పుడు కూడా "ఇది ఇన్వెస్ట్‌మెంట్ రా" అంటూ షూస్ కొంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టి.

టమోటాకి ఏం జరిగింది

జులైలో రేటు రెండొందలు. అది చూసి చుట్టుపక్కల ఊళ్లన్నీ టమోటా నారే నాటినాయి. నాటిన అరవై, డెబ్బై రోజులకు మొదటి కోత. అంటే అందరి పంటా సెప్టెంబరులో ఒకేసారి మార్కెట్టుకి వచ్చింది. రేటు పది రూపాయల దరిదాపుల్లోకి పడింది. కోత కూలి కూడా రాదని కొందరు కాయల్ని చెట్టు మీదే వదిలేసినారు.

రైతు ఈ రోజు రేటు చూసి నాటుతాడు, రెండు నెలల తర్వాతి రేటుకి అమ్ముకుంటాడు. ఈ రెండింటి మధ్య ఎంత సరుకు వస్తుందో ఎవరికీ తెలీదు. దీన్నే ఆర్థిక శాస్త్రంలో 'కాబ్‌వెబ్' అంటారు, అంటే సాలెగూడు. ధర, సరుకు ఒకదాన్నొకటి తరుముకుంటూ గీసే బొమ్మ సాలెగూడులా ఉంటుందని ఆ పేరు.

షూస్ సంగతీ ఇంతే. ఒక్క తేడా ఉంది, అదే ముఖ్యమైన తేడా. టమోటా ఎంత రావాలో వాన, వేల మంది రైతులు తేలుస్తారు. పాండా ఎన్ని జతలు రావాలో తేల్చేది ఒక్క కంపెనీ. ఆ కంపెనీ కూడా మనం చూస్తున్న రీసేల్ రేటునే చూస్తూ ఉంటుంది.

కరువు ఎవరు పుట్టిస్తారు

సహజంగా వచ్చే కరువు ఒకటి, కావాలని పెట్టే కరువు ఒకటి.

2005 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో 'పిజన్' అనే డంక్ వచ్చింది. పక్కన చిన్న పావురం బొమ్మ ఉంటుంది. చేసిందే 150 జతల చిల్లర. అంగడి ముందు రాత్రంతా జనం, తోపులాట, చివరికి పోలీసులు. మర్నాడు పేపర్ మొదటి పేజీలో వార్త. ఆ 150 జతలు అమ్మితే కంపెనీకి వచ్చేదెంత? లెక్కలోకి రాదు. కానీ ఆ వార్త తెచ్చిన పేరుతో మామూలు డంక్‌లు లక్షల్లో అమ్ముకోవచ్చు. మనం రీసెల్లర్‌కి ఎక్కువిచ్చిన ఆరు వేలల్లో కంపెనీకి పైసా రాదు. దానికి ఆ ఆరు వేలు ఒక ప్రకటన, అంతే. "మా షూస్ కోసం జనం ఇంత ఇస్తున్నారు చూడండి" అని చెప్పుకునే ప్రకటన.

ఆ ప్రకటన పని పూర్తయ్యాక కంపెనీ ఏం చేస్తుంది? గేటు తెరుస్తుంది. పాండా 2021లో వచ్చినప్పుడు అమెరికాలో ధర 100 డాలర్లు. చేతులు మారేసరికి రెట్టింపు దాటేది. తర్వాత నైకీ మళ్లీ మళ్లీ సరుకు దించింది. ఏ కాలేజీ గేటు దగ్గర నిలబడినా పాండాలే. రీసేల్ ధర దిగి దిగి కంపెనీ ధర దగ్గరికి, ఆ తర్వాత దానికంటే కిందికి పోయింది. నేను కొన్నది ఆ దిగుడు మెట్ల మధ్యలో. నాకు మెట్లు కనిపించలేదు, పైన ఉన్న రేటే కనిపించింది.

అడిడాస్ 'యీజీ'ల్లో 'జీబ్రా' అనే చారల జత కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో చాలా కొద్దిగా వచ్చింది. 220 డాలర్ల షూస్ వెయ్యి దాటి అమ్ముడుపోయినాయి. జూన్‌లో అదే జత మళ్లీ వచ్చింది. నాలుగు నెలల్లో రేటు సగానికంటే కిందికి పడింది. ఫిబ్రవరిలో వెయ్యి పెట్టినవాడి షూస్‌లో ఒక్క కుట్టు కూడా మారలేదు. మారింది బయట ఉన్న జతల సంఖ్య.

మళ్లీ వస్తే ప్రతిసారీ పడిపోతుందా?

లేదు. ఇక్కడే నేను మొదట తప్పు లెక్క వేసుకున్నది.

ఎయిర్ జోర్డన్ 1 చూడండి. 1985లో వచ్చింది, ధర 65 డాలర్లు. 1994లో కంపెనీ దాన్ని తిరిగి దించింది. అప్పటికి మైకేల్ జోర్డన్ బాస్కెట్‌బాల్ వదిలేసి బేస్‌బాల్ ఆడుతున్నాడు. పాత షూస్ మీద ఎవరికీ మనసు లేదు. ఆ జతలు తగ్గింపు బుట్టల్లో పడినాయి. చూడండి, సరుకు తక్కువైనంత మాత్రాన విలువ రాదు, అడిగేవాడు ఉండాలి. మా పెరట్లో ఒకే ఒక్క ఆముదం చెట్టు ఉంది. అరుదే. ఎవరికి కావాలి?

అదే ఎరుపు, తెలుపు, నలుపు 'షికాగో' రంగు 2015లో మళ్లీ వచ్చింది. 2022 నవంబరులో 'లాస్ట్ అండ్ ఫౌండ్' పేరుతో ఇంకోసారి వచ్చింది. ఈసారి తోలు ముందే పగుళ్లిచ్చినట్టు, పాత గోడౌన్‌లో దొరికిన పెట్టెలా తయారుచేసి అమ్మినారు. ధర 180 డాలర్లు. వచ్చిన రోజుల్లోనే రీసేల్‌లో రెట్టింపు పైన పలికింది. 'ఆ రంగు తొడుక్కోవాలి, చాలు' అనుకునేవాళ్లకి 2022 జత సరిపోయింది. వాళ్లు 2015 జత కోసం వెతకాల్సిన పని తగ్గింది. మరి 1985 నాటి అసలు జతకి? దానికేం నష్టం జరగలేదు. ప్రతిసారీ కొత్త తరం పిల్లలకి ఆ మొదటి జత ఒకటుందని తెలిసింది. 2020లో 'ది లాస్ట్ డాన్స్' డాక్యుమెంటరీ చివరి భాగాలొచ్చిన రోజే, 1985లో జోర్డన్ ఆటలో తొడిగి సంతకం చేసిన జత సోథెబీస్ వేలంలో 5,60,000 డాలర్లకు పోయింది.

మన ఊరి ఉదాహరణతో చెప్తా. 1919లో టాగూర్ మన బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనకి ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాసినాడు. ఆ మాటలు ఆ తర్వాత ఎన్ని వేల సార్లు అచ్చయినాయో లెక్కలేదు. దానివల్ల ఆయన చేత్తో రాసిన కాగితం విలువ తగ్గిందా? అచ్చయిన ప్రతి ప్రతీ దాన్ని ఇంకా పెంచింది.

కాబట్టి నాకు దొరికిన సూత్రం ఇది: కొత్తది పాతదాని పని చేసేస్తే పాతది పడుతుంది. కొత్తది పాతదాన్ని గుర్తు చేస్తే పాతది పెరుగుతుంది. 2021 పాండాకి, 2023 పాండాకి చూసేవాళ్లకి తేడా లేదు. అందుకే రెండోది మొదటిదాన్ని మింగేసింది. 1985 జతకి ఒక చరిత్ర ఉంది. చరిత్రని ఫ్యాక్టరీలో మళ్లీ పోత పోయలేరు.

సినిమాల్లో కూడా చూసినాం కదా. 2022 ఆగస్టులో 'పోకిరి' మళ్లీ వేసినప్పుడు థియేటర్లో తెర కనిపించనంత గోల. ఆ తర్వాత ఎవరి పుట్టినరోజుకైనా ఏదో ఒక పాత సినిమా వేయడం మొదలైనాక ఆ ఊపు అన్నిటికీ రాలేదు. మళ్లీ రావడం కూడా అరుదుగా ఉంటేనే పండగ.

పెట్టెలో పెడితే భద్రమేనా?

మెటీరియల్ సైన్స్ సబ్జెక్టుని మనం పరీక్షకే పరిమితం చేసుకున్నాం కానీ ఇక్కడ పనికొస్తుంది. జోర్డన్ 3, జోర్డన్ 4 లాంటి షూస్ మిడ్‌సోల్‌లో పాలీయురెథేన్ ఫోమ్ ఉంటుంది. పాలీయెస్టర్ రకం పాలీయురెథేన్ అయితే గాల్లోని తేమ దాని ఎస్టర్ బంధాల్ని మెల్లగా తెంపుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. తెగినప్పుడు పుట్టే ఆమ్లం ఆ పనిని ఇంకా వేగం చేస్తుంది. తొడిగినా తొడక్కపోయినా కొన్నేళ్లకు సోల్ బిస్కెట్‌లా పొడైపోతుంది. 1988 నాటి జోర్డన్ 3ని ఇప్పుడు తొడిగి నాలుగడుగులు వేస్తే సోల్ నేల మీద, కాలు గాల్లో.

దీనివల్ల రెండు జరుగుతాయి. పాత జతలు ఏటేటా తగ్గిపోతాయి, మిగిలినవి ఇంకా అరుదవుతాయి. కానీ అవి అల్మారాలో పెట్టుకోవడానికే, నడవడానికి కాదు. నడవాలంటే కంపెనీ మళ్లీ దించాల్సిందే. అంటే మళ్లీ విడుదల చేయడానికి కంపెనీకి కారణం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. షూస్ బంగారం కాదు. బీరువాలో పెట్టిన బంగారం పొడి కాదు.

పుంగనూరు ఆవు పాఠం

ఇంకో మాట. పుంగనూరు ఆవు గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు. రెండు మూడు అడుగుల ఎత్తు, మన నేల జాతి, ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్నారు. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ ఆవులకి గడ్డి తినిపించిన ఫోటోలు వచ్చినాక దేశమంతా అడగడం మొదలైంది. రేటు లక్షల్లోకి పోయింది. దాంతో పాటు పొట్టిగా ఉన్న ప్రతి దూడా 'పుంగనూరే' అయిపోయింది.

ధర పెరిగిన చోటికి నకిలీ నడుచుకుంటూ వస్తుంది. షూస్‌లోనూ అంతే. అందుకే స్టాక్‌ఎక్స్ లాంటివి జతని తమ దగ్గరికి తెప్పించుకుని, పరీక్షించి, అప్పుడు కొన్నవాళ్లకి పంపిస్తాయి. ఇన్‌స్టాలో బిల్లు లేకుండా కొన్న నాకు ఆ ధీమా కూడా లేదు.

కానీ ఆవు విషయంలో మందలు పెరగడం మంచి వార్త. రేటు తగ్గినా జాతి బతుకుతుంది. షూస్ విషయంలో కూడా మళ్లీ రావడం నష్టం అనుకునేది దాచుకున్నవాడే. తొడుక్కోవాలనుకున్నవాడికి అది పండగ. మన తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ అడిడాస్ షూస్ తయారుచేస్తుంది. ఊళ్లనుంచి బస్సుల్లో పోయి అక్కడ కుట్టేవాళ్లకి 'అరుదు' అంటే లైను ఆగిపోవడమే.

కొనే ముందు అడగాల్సినవి

ఎవరైనా నాలా దుడ్లు పెట్టే ముందు ఈ నాలుగు అడుక్కోండి.

ఇది మామూలుగా ఎప్పుడూ వచ్చే రంగా, లేక ఒక సందర్భానికి చేసిందా? నలుపు తెలుపు లాంటిది కంపెనీ ఎప్పుడైనా మళ్లీ దించుతుంది.

కంపెనీ మళ్లీ దించితే, ఆ కొత్త జతకి నా జతకి తేడా ఎవరైనా చెప్పగలరా?

ఇప్పుడు నాకు చెప్తున్న రేటు అమ్మేవాడు అడిగే రేటా, నిజంగా ఎవరైనా ఇచ్చిన రేటా? మండీలో పాట పలికిందే రేటు, రైతు మనసులో అనుకున్నది కాదు.

రేటు సగం పడిపోయినా, దీన్ని తొడుక్కుని నేను సంతోషంగా తిరగగలనా?

మొదటి మూడిటికీ తప్పు జవాబు వచ్చినా నాలుగోదానికి 'ఊ' అనగలిగితే కొనేయండి. నాలుగోదానికి అనలేకపోతే, అది నాయన కష్టంతో ఆడే జూదం.

నా పాండాలు ఇప్పుడు బీరువాలో లేవు. మొన్న సెలవుల్లో నాయనతో తెల్లారుజామున మార్కెట్టుకి పోయినా. క్రేట్లు దించుతుంటే పగిలిన కాయల రసం తెల్ల తోలు మీద పడింది. తుడుద్దామని వంగినా. నాయన చూసి "పద్నాలుగు వేలంటివే, అవేనా?" అన్నాడు. అవునన్నా. "నడిచేదానికి బాగుండాయా?" అన్నాడు.

బాగున్నాయి నాయనా. చాలా బాగున్నాయి.