నీటి అడుగున నడచు స్కూటరు

నేలమీద నడచుటకు కాళ్లు పొందిన మానవుడు నీటియందు చేపతో పందెము వేయజాలడు. ఎంతటి గజ ఈతగాడైనను నీట మునిగి కొంత దూరము పోవునప్పటికి ఆయాసపడును. ఈ కొఱతను తీర్చుటకై పుట్టిన యంత్రములలో నీటి అడుగున నడచు స్కూటరు ఒకటి. వీపున గాలి సిలిండరు గట్టుకొని, నీటిలోపల ఊపిరి పీల్చుచు సంచరించు స్కూబా ఈతగాండ్రు దీనిని చేతబట్టి, కాళ్లు కదల్పకయే దూరము పోగలుగుచున్నారు. చూచువారికిది గొప్ప వేడుకగా నుండును. కాని యీ యంత్రము మన కాళ్ల శ్రమను తీర్చునే గాని, నీటి ధర్మములను మార్చజాలదు. ఈ మాట మఱచినవారికి ఇది ప్రాణాపాయకరము. జ్ఞాపకముంచుకొన్నవారికి మంచి సేవకుడు. కావున ఆ యంత్రమెట్టిదో, దానిని క్షేమముగా నడుపుట యెట్లో, విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

యంత్ర స్వరూపము

ఈ స్కూటరు మన వీథులలో తిరుగు స్కూటరును పోలియుండదు. దీనికి చక్రములు లేవు. సాధారణముగా ఇది పొడవైన గుండ్రని పెట్టెవలె నుండును. లోపల బ్యాటరీయు మోటారును ఉండును. వెనుక భాగమున నీటిని నెట్టు పంకాయు, దానిచుట్టును కాపుగా నొక వలయమును ఉండును. పంకా నీటిని వెనుకకు నెట్టగా, నీరు యంత్రమును ముందునకు నెట్టును. న్యూటను చెప్పిన మూడవ చలన సూత్రమునకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకుట కష్టము.

మీటను వ్రేలితో నొక్కి పట్టినంతసేపు పంకా తిరుగును. వ్రేలు తీసిన తోడనే నిలిచిపోవును. చేయి జాఱినచో యంత్రము ఒంటరిగా పాఱిపోకుండుటకే ఈ యేర్పాటు. పెద్ద యంత్రములకు ఒక త్రాడు కట్టి, దాని కొనను ఈతగాని నడుమున నున్న పట్టీ కొక్కెమునకు తగిలింతురు. అందువలన లాగుడంతయు నడుముమీద పడును. చేతికి దారి త్రిప్పు పని మాత్రమే మిగులును.

ఇట్టి వాహనములు మొదట యుద్ధమునందు ప్రసిద్ధికెక్కినవి. 1941వ సంవత్సరము డిసెంబరు మాసమున ఇటలీ నావికులు ఆఱుగురు, ఇద్దఱేసి చొప్పున మూడు నీటిలోపలి వాహనములపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి, ఐగుప్తు దేశపు అలెగ్జాండ్రియా రేవు చొచ్చి, క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ అను రెండు బ్రిటిషు యుద్ధనౌకలను ప్రేలుడు మందులతో దెబ్బతీసిరి. నేడు ఈ జాతి యంత్రములను శాస్త్రజ్ఞులును, ఛాయాగ్రాహకులును, వినోదమునకై ఈదువారును వాడుచున్నారు.

పోవు దూరము, వచ్చు దూరము

వాలుదారిన సైకిలుపై దిగిపోవు బాలునకు దూరము తెలియదు. తిరిగి మిట్టయెక్కునప్పుడు తెలియును. నీటి స్కూటరు సంగతియు అట్టిదే. ఇందులకొక చిన్న లెక్క వేసి చూతము.

సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకును ఒక వాయుమండలపు ఒత్తిడి చొప్పున పెరుగును. నీటిమీద ఒకటిగా నున్న ఒత్తిడి 10 మీటర్ల లోతున రెండును, 20 మీటర్ల లోతున మూడును అగును. అచ్చట పీల్చు ప్రతి ఊపిరియు అంత దట్టమైన గాలితో నిండవలెను గనుక, నీటిమీద నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చువాడు 20 మీటర్ల లోతున సిలిండరునుండి 60 లీటర్లు ఖర్చు చేయును.

12 లీటర్ల సిలిండరులో 200 వాయుమండలముల ఒత్తిడితో గాలి నింపినచో, ఇంచుమించు 2,400 లీటర్ల గాలి యుండును. అందు 600 లీటర్లు ఆపత్కాలమునకై దాచి, తక్కిన 1,800 లీటర్లు వాడుకొందు ననుకొనుడు. 20 మీటర్ల లోతున ఇది 30 నిమిషములకు చాలును. యంత్రము నిమిషమునకు 50 మీటర్లు పోవుననుకొన్నచో, సగము కాలము, అనగా 15 నిమిషములు పోయి, తక్కిన సగమున తిరిగి రావచ్చునని తోచును. అప్పటికి 750 మీటర్లు పోయియుండును. సరిగా అచ్చటనే యంత్రము చెడినదనుకొనుడు. కాళ్లకు తొడిగిన రబ్బరు ఱెక్కలతో నిమిషమునకు 15 మీటర్లు ఈదువాడు అదే లోతున తిరిగి వచ్చుటకు 50 నిమిషములు పట్టును. 3,000 లీటర్ల గాలి కావలెను. మిగిలిన గాలియో, దాచుకొన్నదానితో చేర్చి 1,500 లీటర్లు మాత్రమే!

అట్లయిన ఎంత దూరము పోవచ్చును? పోవుట యంత్రముతోను, వచ్చుట కాళ్లతోను అని యెంచి లెక్కించినచో, ఆ 1,800 లీటర్లు సుమారు 340 మీటర్ల దూరమునకు మాత్రమే చాలును. కాళ్లాడించువాడు ఊరకుండువానికంటె ఎక్కువ గాలి పీల్చును గనుక 300 మీటర్లతో ఆగుట మేలు. ఈ సంఖ్యలు మనిషినిబట్టి మాఱును గాని, సూత్రము మాఱదు: యంత్రము ఎంత దూరము గొనిపోగలదని కాక, యంత్రము లేకుండ ఎంత దూరమునుండి తిరిగి రాగలమని ముందుగా తెలిసికొనవలెను.

పైన ఆకాశము కనబడు సముద్రమున నీటిమీదికి తేలవచ్చును గదా యని కొందఱు అడుగవచ్చును. నిజమే. కాని తేలినచోట పడవ యుండదు. ప్రవాహము ఎదురుగా నుండవచ్చును. అలలలో ఒక్క తల పడవవారికి కానరాదు. కావున స్కూటరు వాడువారు రంగుగల గాలిగొట్టమును, ఈలను వెంట నుంచుకొనవలెను. ఇక పైకప్పుగల గుహలలోను, మునిగిన ఓడలలోను తేలుటకే వీలులేదు.

గుహలలో స్కూటరు వాడుటకు అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమందున్న వకుల్లా ఊట ప్రసిద్ధమైనది. 2007వ సంవత్సరము డిసెంబరులో జారడ్ జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లే అను ఇద్దఱు, టర్నర్ సింక్ అను నీటిగుంటలో మునిగి, నీటితో నిండిన గుహామార్గమున ఇంచుమించు 7 మైళ్లు పోయి, వకుల్లా ఊటవద్ద తేలిరి. ప్రయాణమునకు సుమారు 7 గంటలు పట్టెను. పిమ్మట ఒత్తిడి మెల్లగా తగ్గుటకై మెట్టుమెట్టున ఆగుచు పైకి వచ్చుటకు మఱి 14 గంటలు పట్టెను. వారు అదనపు యంత్రములను వెంట గొనిపోయిరి. దారిలో సిలిండర్లను ముందుగానే ఉంచిరి. అనేకులు సహాయకులుగా నిలిచిరి. వారి సాహసమును మెచ్చువారు వారి సన్నాహమును గూడ మెచ్చవలెను.

లోతును, వేగమును

స్కూటరు ముక్కును కొంచెము క్రిందికి వంచినచో ఈతగాడు తనకు తెలియకయే లోతునకు పోవును. చెవిలోపలి గాలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమానము చేసికొనుటకు వ్యవధి చాలదు. కర్ణభేరి నొచ్చును, మొండితనము చేసినచో పగులును. చెవి నొచ్చిన తోడనే మీట వదలి, కొంచెము పైకి వచ్చి, చెవులు సరిచేసికొని గాని మఱల దిగరాదు.

పైకి వచ్చుట యంతకంటె అపాయకరము. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి నీటిమీదికి వచ్చునప్పటికి రెండింతలుగా ఉబ్బును. నిండుగా పీల్చి ఊపిరి బిగబట్టి కొలది అడుగులు లేచినను ఊపిరితిత్తులు చినుగవచ్చును. అందుచేత స్కూబా ఈతలో మొదటి పాఠము: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు.

అదియును గాక, ఒత్తిడివలన నత్రజని రక్తమునందును కండలయందును కరగును. త్వరగా పైకి వచ్చినచో, మూత తీసిన సోడాసీసాలోవలె అది బుడగలుగా లేచి, కీళ్లనొప్పులను, పక్షవాతమును, ఒక్కొక్కప్పుడు మరణమును గూడ కలిగించును. ఈ వ్యాధికి కారణము నత్రజని బుడగలే యని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ వెల్లడించెను. మెట్టుమెట్టున ఆగుచు పైకి వచ్చు పద్ధతిని 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ పట్టికలుగా కూర్చెను. నేడు నిమిషమునకు 9 మీటర్లకు మించకుండ లేచి, 5 మీటర్ల లోతున 3 నిమిషములు ఆగవలెనని బోధింతురు. స్కూటరో, నిమిషమునకు 50 మీటర్లు పోగలదు! కావున దానిని పైకి లేచుటకు ఎన్నడును వాడరాదు. యంత్రము ఆపి, ఒక కంట గాలి ముల్లును, ఒక కంట లోతు ముల్లును చూచుచు, మెల్లగా కాళ్లతోనే లేవవలెను.

యంత్రము మొండికెత్తినచో

నీటిలో దిగుటకు ముందు యంత్రపు మూతలనడుమ నుండు రబ్బరు వలయమును పరీక్షింపవలెను. దానిమీద ఒక్క వెండ్రుక గాని యిసుకరేణువు గాని యున్నను నీరు లోనికి చొచ్చును. నీరు నిండిన యంత్రము రాయివలె బరువెక్కి ఈతగానిని క్రిందికి లాగును. అప్పుడు కొక్కెము విప్పి దానిని వదలివేయవలెను. యంత్రము మఱల కొనవచ్చును; ప్రాణము కొనరాదు. ఏ చేతితోనైనను, కన్ను మూసికొనియైనను ఆ కొక్కెమును విప్పుట లోతులేని నీటిలో పలుమాఱు అభ్యసింపవలెను.

ఒక్కొక్కప్పుడు మీట బిగిసి పంకా ఆగక తిరుగును. అట్టి సమయమున దానిని ఎట్లు ఆపవలెనో ముందే నేర్చియుండవలెను. వ్రేలాడు గొట్టములు, పట్టీలు, విడిచిన జుట్టు పంకాలో చిక్కుకొనును గనుక అన్నిటిని ఒడలికి బిగించుకొనవలెను. చేపలవాండ్ర తెగిన వలలున్నచోటికి పోనేరాదు.

బ్యాటరీ సగమైన మిగిలియుండగానే వెనుకకు మరలవలెను. ఇందు మఱియొక శాస్త్ర రహస్యము కలదు. వేగము రెట్టింపయినచో నీటి అడ్డగింపు నాలుగు రెట్లగును. దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. అనగా, వేగము సగము చేసినచో అదే బ్యాటరీతో, లెక్కప్రకారము, నాలుగింతల దూరము పోవచ్చును. బ్యాటరీ తగ్గినదని కంగారుపడి వేగము పెంచువాడు చిక్కుకొనును. వేగము తగ్గించువాడు ఇల్లు చేరును.

తోడివారు, తోటిజీవులు

స్కూబా ఈతలో జంటగా పోవుట నియమము. ఒకనికి స్కూటరుండి రెండవవానికి లేనిచో రెండు నిమిషములలో జంట విడిపోవును. కావున ఇద్దఱికిని యంత్రములుండవలెను. వేగము తక్కువగల యంత్రమునుబట్టి ఇద్దఱును నడువవలెను. ఒకని యంత్రము చెడినచో రెండవవాడు లాగుకొనివచ్చు విధమును ముందే అభ్యసింపవలెను. నీరు మసకగా నున్నచోట మనము చూడగలిగినంత దూరములో ఆగుటకు వీలైన వేగమే తగిన వేగము. పంకానుండి వచ్చు నీటిధార అడుగుననున్న బురదను లేపును. పగడపు దిబ్బలను గాయపఱచును. ఎన్నో ఏండ్లకు వ్రేలెడు పెరిగిన పగడమును ఒక్క క్షణమున విఱుచుట వినోదము గాదు.

మన దేశమున అండమాను, లక్షద్వీపములయందును, మన విశాఖపట్టణ తీరమునందును స్కూబా ఈత నేర్పువారు కలరు. మా విద్యార్థులలో ఎవరైనను ముందు ముందు సముద్రగర్భమును చూడ గోరుదురేని మేము సంతసింతుము. అయితే మొదట యంత్రము లేకుండ ఈదుట, మునుగుట, గాలిని లెక్కించుట గురుముఖమున నేర్చుకొని, ఆ పిమ్మటనే స్కూటరును ముట్టవలెను. తలిదండ్రులు తమ పిల్లలను నీటిలోనికి పంపుటకు ముందు వారిని ఒక్క ప్రశ్న అడుగుట మంచిది: “ఈ యంత్రము అచ్చటనే ఆగిపోయినచో, నీవు తిరిగి రాగలవా?” ఔనని లెక్కవేసి చూపగలవాడే స్కూటరు పట్టుటకు అర్హుడు.