డేటాబేసు సంకేతపదాల భ్రమణం

డేటాబేసు సంకేతపదాల భ్రమణం అనగా, క్లౌడ్‌లోని డేటాబేసును తెరిచే సంకేతపదాన్ని (పాస్‌వర్డును) గుప్తీకరించి భద్రపరచి, నియమిత కాలానికొకసారి మానవ ప్రమేయం లేకుండా మార్చే పద్ధతి. అమెజాన్ వారి సీక్రెట్స్ మేనేజర్ (2018) ఇటువంటి సేవలలో ఒకటి.

అవసరం

కర్నూలు లేదా కడపలోని ఒక కళాశాల తన కంప్యూటరు గదికి తాళం వేసినంత మాత్రాన క్లౌడ్‌లోని విద్యార్థుల వివరాలకు రక్షణ కలగదు. అవి దూరాన ఉన్న డేటా కేంద్రంలో ఉంటాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో అటువంటి కేంద్రాలను ప్రారంభించింది. సంకేతపదాన్ని ప్రోగ్రాములోనే వ్రాసి ఉంచితే, ప్రోగ్రామును చూసినవారందరికీ అది తెలుస్తుంది. 2016లో ఉబర్ సంస్థ ప్రోగ్రాములలో దొరికిన క్లౌడ్ ప్రవేశ సంకేతంతో చొరబాటుదారులు సుమారు 5.7 కోట్ల మంది వివరాలను తస్కరించారు.

విధానం

భ్రమణంలో నాలుగు దశలు ఉన్నాయి.

1. కొత్త సంకేతపదాన్ని సృష్టించడం
2. దానిని డేటాబేసులో అమర్చడం
3. దానితో ప్రవేశాన్ని పరీక్షించడం
4. దానినే ప్రస్తుత సంకేతపదంగా గుర్తించడం

ప్రోగ్రాము సంకేతపదాన్ని తనలో ఉంచుకోక, అవసరమైనపుడు ఈ సేవనుండి పొందుతుంది. మార్పు సమయంలో అంతరాయం కలగకుండా రెండు వాడుకరి ఖాతాలను ఏర్పరచి, వాటి సంకేతపదాలను ఒకదాని తరువాత ఒకటి మారుస్తారు.

పరిమితులు

దొంగిలించబడిన సంకేతపదం తదుపరి మార్పు వరకు పనిచేస్తూనే ఉంటుంది. భద్రపరచిన సంకేతపదాన్ని చదివే అనుమతి పరాయివారికి చిక్కితే భ్రమణం వలన ప్రయోజనం ఉండదు. కావున ఆ అనుమతిని అతి కొద్దిమందికే ఇవ్వాలి.